మధ్యాహ్నం పూట మాత్రమే పోయే లింకు

గోదావరి డెల్టాలో రెండు ఊళ్ళ మధ్య నడిచే ఒక ఫైబర్ లింకు కేసు ఇది. ఊళ్ళ పేర్లు, సంస్థ పేరు, పరికరాలు తయారుచేసిన కంపెనీల పేర్లు రాయడం లేదు. ధవళేశ్వరం ఆనకట్ట దిక్కున ఉన్న చివరని ఎగువ అనీ, సముద్రం దిక్కున ఉన్న చివరని దిగువ అనీ అంటాను. చివరికి దొరికిన లోపం చెప్పడానికి రెండు వాక్యాలు చాలు. కానీ అది దొరకడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజుల్లో ఏ రోజు ఏమనుకుని ఏం చేశామో, ఆ అనుకోవడంలో ఎక్కడ దారి తప్పామో రాయాలని కూర్చున్నాను. ఈ పనిలో ఉన్న మిగతావాళ్ళకి పనికొచ్చేది అదే.

లింకు సంగతి

రెండు చివరల మధ్య ఫైబర్ పొడవు 62 కిలోమీటర్లు. మధ్యలో యాంప్లిఫయర్ గానీ రిపీటర్ గానీ లేవు. కేబుల్ కొంత దూరం రోడ్డు పక్కన భూమిలో, ఎక్కువ దూరం కాలువ గట్ల వెంట, రెండు చోట్ల వంతెన రెయిలింగుకి కట్టిన పైపులో వెళ్తుంది. అవతల కోనసీమ కొబ్బరితోటలు, లంకలు. ఈ లింకు మీద ఆధారపడి దిగువన పది పన్నెండు ఊళ్ళ ఇంటర్నెట్ నడుస్తుంది.

ఒకే ఫైబర్ జత మీద వేర్వేరు రంగుల్లో వేర్వేరు లింకులు పంపించే ఏర్పాటు ఇది. రంగులంటే కంటికి కనపడేవి కావు. అన్నీ 1550 నానోమీటర్ల చుట్టూ ఉండే ఇన్‌ఫ్రారెడ్ కాంతే. గాజులో కాంతి అతి తక్కువగా అరిగిపోయేది ఆ ప్రాంతంలోనే, కిలోమీటరుకి దాదాపు 0.2 డీబీ (డెసిబెల్, కాంతి ఎంత తగ్గిందో చెప్పే కొలత; మూడు డీబీ పోతే దాదాపు సగం పోయినట్టు). అందుకే దూరప్రయాణానికి అందరూ అక్కడికే చేరతారు. ఆ కాస్త జాగాలోనే 0.8 నానోమీటర్ల ఎడంతో గళ్ళు గీసి, ఒక్కో గడికి ఒక్కో ఛానెల్ నంబరు ఇచ్చారు. మా 10 జీ (సెకనుకి 10 గిగాబిట్ల) లింకు 33వ ఛానెల్ మీద ఉంది, అంటే 1550.92 నానోమీటర్లు. 31వ ఛానెల్, 1552.52 నానోమీటర్లు, ఇంకో ఆపరేటర్‌కి అద్దెకిచ్చాం. వాళ్ళది 1 జీ లింకు. రెండు చివరలా ఒక్కో మక్స్ డబ్బా ఉంటుంది. వేర్వేరు పోర్టుల్లో వచ్చిన రంగుల్ని కలిపి ఒకే ఫైబర్‌లోకి పంపడం, అవతల మళ్ళీ విడదీయడం దాని పని. దానికి కరెంటు అక్కర్లేదు, లోపల ఉన్నవన్నీ ఫిల్టర్లే.

లెక్క ఇలా ఉండేది. స్విచ్ అనే నెట్‌వర్క్ పెట్టెలో గుచ్చే, లేజర్‌తో కాంతి పంపి వచ్చిన కాంతిని అందుకునే చిన్న పరికరాన్ని మాడ్యూల్ అంటాం. దిగువ మాడ్యూల్ నుంచి బయటికొచ్చే పవర్ 1.8 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చి చెప్పే కాంతి బలం; మైనస్ అంకె పెరిగేకొద్దీ కాంతి తక్కువ). ఒక్కో మక్స్‌లో 2.4 డీబీ, ఫైబర్‌లోనూ జాయింట్లలోనూ కనెక్టర్లలోనూ కలిపి 16.5 డీబీ పోతాయి. ఎగువన చేతికొచ్చేది మైనస్ 19.5. మా మాడ్యూల్ మైనస్ 23 దాకా పనిచేస్తుందని తయారీదారు హామీ. అంటే చేతిలో మిగులు మూడున్నర డీబీ. మరీ ధారాళం కాదు, మరీ తక్కువా కాదు. మూడేళ్ళుగా అలాగే నడిచింది.

సమస్య

మే రెండో వారంలో మొదలైంది. మధ్యాహ్నం ఒంటిగంటకి అటూఇటూగా తప్పుడు ప్యాకెట్లు లెక్కకి రావడం మొదలుపెట్టేవి. రెండు దాటేసరికి లింకు పోయేది. కాసేపు వచ్చేది, మళ్ళీ పోయేది. నాలుగున్నర, ఐదుకి తనంతట తనే కోలుకునేది. రాత్రంతా, పొద్దున్నంతా ఒక్క తప్పు లేదు.

దిగువ గదిని చూసుకునే కుర్రాడు మొదటి రోజే ఫోన్‌లో చెప్పాడు: "పొద్దున్నుంచీ బానే ఉంటదండి. భోజనాలయ్యాకే పోద్దండి. ఆయ్, రోజూ అదే టైమండి." ఆ మాటలోనే సమాధానం సగం ఉంది. అప్పుడు దాన్ని నేను ఫిర్యాదుగానే విన్నాను, కొలతగా వినలేదు.

ఇంకో సంగతి కూడా మొదటి రోజే తెలుసు. పోతున్నది ఒక దిక్కే. దిగువ నుంచి ఎగువకి వచ్చే కాంతి మైనస్ 19.5 నుంచి మైనస్ 25, 26 దాకా పడిపోతోంది. ఎగువ నుంచి దిగువకి వెళ్ళేది నిక్షేపంగా ఉంది. రెండు దిక్కులకీ వేర్వేరు ఫైబర్ కోర్లు (కేబుల్ లోపలి గాజుపోగులు) కాబట్టి, ఒక్క కోరులో లోపం ఉంటే ఇలాగే కనిపిస్తుంది.

ఫైబర్ వెంట నాలుగు రోజులు

నేను ఫైబర్‌నే అనుమానించాను. దానికి కారణం ఉంది. మా డెల్టాలో ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేస్తారు. నీళ్ళు ఆగాక పూడిక తీసే పొక్లెయిన్లు గట్టు మీదికి వస్తాయి. ఏటా ఆ రెండు నెలల్లో మాకు జరిగే కేబుల్ నష్టం మిగతా ఏడాదంతా కలిపినా జరగదు. తెగితే నయం, వెంటనే తెలుస్తుంది. నలిగి, వంగి, సగం కాంతి కారిపోతూ ఉండే కేబుల్ మనిషిని చంపుతుంది. 1550 నానోమీటర్ల కాంతికి వంపు తగిలితే నష్టం ఎక్కువ కూడా.

మరి మధ్యాహ్నమే ఎందుకు? ఎండకి వంతెన మీది పైపు సాగుతుందనీ, లోపల కేబుల్ బిగుస్తుందనీ నాకు నేనే ఒక కారణం చెప్పుకున్నాను. వినడానికి బాగుండే కారణం అది. పరీక్షించే వీలు మాత్రం లేదు. ఎందుకంటే లింకు పోయే వేళకి ఓటీడీఆర్ (ఫైబర్‌లోకి కాంతి పల్సులు పంపి, తిరిగొచ్చేదాన్ని బట్టి నష్టం ఎంత దూరంలో ఉందో గీతగా చూపే పరికరం) పెట్టి ఆ కోరుని చూడాలంటే అదే కోరులో నడుస్తున్న 31వ ఛానెల్‌ని కూడా ఆపాలి. అద్దెకున్నవాళ్ళు రాత్రి ఒంటిగంటకి తప్ప ఒప్పుకోలేదు. రాత్రి ఒంటిగంటకి ఎండ ఉండదు కదా. అయినా ఆ రాత్రికే పెట్టాం.

గీత దాదాపు శుభ్రంగా వచ్చింది. ఒక్కచోట, 23.6 కిలోమీటర్ల దగ్గర, 0.4 డీబీ మెట్టు కనపడింది. అది కాలువ గట్టు మీది జాయింటు. నాలుగో రోజు పొద్దున్నే ఫైబర్లు అతికే మా స్ప్లైసర్ బాబాయ్, నేనూ వెళ్ళి గుంట తీయించాం. జాయింటుని కప్పి ఉంచే డబ్బా, ఎన్‌క్లోజర్, దాని మూత సీలు వదులైంది. లోపల చెమ్మ, ట్రే మూలలో చీమలు పెట్టిన మట్టి. బాబాయ్ కోర్లు చీల్చి, తుడిచి, కొత్తగా అతికాడు. 0.4 కాస్తా 0.05 అయింది.

ఆ రోజు మధ్యాహ్నం లింకు రెండింటికి పోలేదు. మూడు దాటాక పోయింది, తక్కువసేపే. ఇక్కడే మేం గట్టిగా దారి తప్పాం. "చూశావా, సగం తగ్గింది. ఇలాంటిదే ఇంకోటి ఉంటది, అది పట్టుకుంటే అయిపోద్ది" అన్నాడు బాబాయ్. నాకూ అలాగే తోచింది. జరిగింది వేరు. 0.35 డీబీ కలిసొచ్చిన మేరకి మా మిగులు పెరిగింది, అసలు లోపం దాన్ని దాటడానికి ఇంకో గంట ఎక్కువ పట్టింది, అంతే. మిగులు పెంచే ఏ పనైనా ఈ లక్షణాన్ని కొంత తగ్గిస్తుంది. తగ్గినంత మాత్రాన కారణం అదేనని కాదు. ఐదో రోజంతా రెండో జాయింటు కోసం వెతికాం. దొరకలేదు.

మధ్యలో నేను వేయాల్సిన ప్రశ్న ఒకటి ఉంది. అదే కోరులో వెళ్తున్న 31వ ఛానెల్ ఎలా ఉంది? వేయకపోలేదు, తప్పుగా వేశాను. "మీ లింకు ఏమైనా పోతోందా?" అని అడిగాను. లేదన్నారు. అప్పుడు నేను, వాళ్ళది 1 జీ కదా, వేగం తక్కువ, తక్కువ కాంతితోనూ నడుస్తుంది, అందుకే వాళ్ళకి దెబ్బ తెలియట్లేదు అని సర్దిచెప్పుకున్నాను. ఆ మాటలో భౌతికశాస్త్రం నిజమే. కానీ అడగాల్సింది లింకు పోతోందా అని కాదు, మధ్యాహ్నం రెండింటికి అందే పవర్ ఎంత అని. తర్వాత అడిగితే వాళ్ళ గ్రాఫు పంపారు. పొద్దున్న, మధ్యాహ్నం, రాత్రి ఒకే గీత. 0.2 డీబీకి మించి కదలలేదు. రెండో రోజే ఆ గ్రాఫు అడిగి ఉంటే ఫైబర్ మీద అనుమానం ఆ రోజే తీరిపోయేది. ఒకే కోరులో వెళ్ళే రెండు రంగుల్లో ఒకటి మాత్రమే ఆరు డీబీ కోల్పోతే, ఆ తప్పు కోరుది కాదు.

మాడ్యూల్ బాగానే ఉందని చెబుతున్న మాడ్యూల్

ఆరో రోజు దిగువ గదికి వెళ్ళాను. ప్యాచ్ కార్డులు (పరికరాల మధ్య కలిపే చిన్న ఫైబర్ తీగలు) మార్చాం. కనెక్టర్ల మొహాలు స్కోపు కింద చూసి తుడిచాం. మాడ్యూల్ తీసి మళ్ళీ పెట్టాం. అప్పటికి సాయంత్రం ఆరున్నర. అన్నీ బాగా పనిచేశాయి. ఆరున్నరకి ఏం చేసినా బాగానే పనిచేస్తుందని మర్నాడు మధ్యాహ్నం గుర్తుచేసింది. వేళతో ముడిపడ్డ లోపానికి మందు వేసేది కూడా ఆ వేళలోనే వేయాలి. లేకపోతే ఏ మందు పనిచేసిందో, అసలు ఏదైనా పనిచేసిందో తెలియదు.

మాడ్యూల్‌ని నిజంగా అనుమానించకపోవడానికి కారణం దాని సొంత రిపోర్టు. లింకు చచ్చిపోయి ఉన్న మధ్యాహ్నం రెండున్నర వేళలో కూడా స్విచ్ తెర మీద ట్రాన్స్‌మిట్ పవర్ 1.8 డీబీఎం అనే చూపిస్తోంది. నేను నమ్మలేక ప్యాచ్ కార్డు పీకి చేతి మీటరు పెట్టాను. 1.7. మాడ్యూల్ అబద్ధం చెప్పట్లేదు. కాంతి బయటికొస్తోంది, మీటరు చూస్తోంది. మరి మక్స్ దాటి, ఫైబర్ దాటి వెళ్ళేసరికి ఎక్కడ పోతోంది?

ఎనిమిదో రోజు జరిగిన ఒక తప్పు మాకు దారి చూపించింది. 33వ రంగు స్పేరు మాడ్యూల్ మా దగ్గర లేదు. పరీక్ష కోసం స్టోర్స్ నుంచి 80 కిలోమీటర్ల సాదా మాడ్యూల్ తెచ్చి, 1550 అని రాసుందికదా అని మా సహోద్యోగి దాన్ని పెట్టాడు. ఎగువన చీకటి. చుక్క కాంతి రాలేదు. చేతి మీటరు పెడితే 2 డీబీఎం. "మక్స్‌లో 33వ పోర్టే పోయింది సార్" అన్నాడు. కానీ రాత్రికి పాత మాడ్యూల్ పెడితే అదే పోర్టులోంచి లింకు చక్కగా నడిచింది.

ఆ రాత్రి ఇంటికెళ్ళే బస్సులో దాని గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. సాదా మాడ్యూల్ మీద 1550 అని రాసినా, అది అక్కడే ఉండాలన్న పట్టింపు దానికి లేదు. 1530 నుంచి 1565 దాకా ఎక్కడున్నా తప్పు కాదు. దాని రంగు 33వ గడిలో పడలేదు కాబట్టి ఫిల్టర్ గుమ్మం దగ్గరే ఆపేసింది. మీటరు మాత్రం 2 అని చెప్పింది, ఎందుకంటే మీటరుకి రంగు తెలియదు. ఎంత కాంతి ఉందో చెబుతుంది, ఏ కాంతో చెప్పదు. మాడ్యూల్ లోపల ఉండి దాని కాంతిని కొలిచే మానిటర్ డయోడ్ కూడా అంతే. అలాంటప్పుడు మా పాత మాడ్యూల్ మధ్యాహ్నం పూట పవర్ తగ్గకుండానే రంగు జరుగుతుంటే? తెర మీద 1.8, మీటరులో 1.7, అవతల చీకటి. మేం చూస్తున్నది అచ్చం అదే.

రంగు ఎందుకు జరుగుతుంది

కేసు ఆపి ఇక్కడ కొంచెం చెప్పాలి. దూరానికి వాడే ఈ లేజర్ ఇండియం ఫాస్ఫైడ్ మీద పెంచిన చిన్న చిప్. పొడవు మిల్లీమీటరులో మూడో వంతు, ఆవగింజ పక్కన పెడితే ఆవగింజే పెద్దది. దాని లోపల దాదాపు 240 నానోమీటర్లకొకటి చొప్పున సన్నని గాళ్ళ వరస ఉంటుంది. ఆ వరసకి సరిపోయే ఒక్క రంగే లోపల పదేపదే పుంజుకుని బయటికొస్తుంది. ఇలా ఒక్క రంగుకి కట్టుబడకపోతే 62 కిలోమీటర్ల గాజులో రంగులన్నీ వేర్వేరు వేగాలతో వెళ్ళి, పంపిన బిట్లు ఒకదాని మీద ఒకటి పడిపోతాయి.

ఆ ఒక్క రంగు ఏదో తేల్చేది గాళ్ళ ఎడం ఒక్కటే కాదు, చిప్ వేడి కూడా. వేడెక్కితే చిప్‌లో కాంతి నడిచే తీరు మారి, ఒక్కో డిగ్రీకి దాదాపు 0.1 నానోమీటరు చొప్పున రంగు పొడుగు వైపు జరుగుతుంది. డప్పుని మంట దగ్గర కాస్తే శ్రుతి పెరుగుతుంది. లేజర్‌కి తిరగబడి, వేడి తగిలితే శ్రుతి దిగుతుంది. గడికీ గడికీ మధ్య ఎడమే 0.8 నానోమీటర్లు. ఫిల్టర్ గుమ్మం అంతకంటే ఇరుకు. చిప్ మూడు డిగ్రీలు వేడెక్కితే కాంతి గుమ్మం అంచుకి తగులుతుంది.

ఈ లేజర్లకి వేడితో పేచీ పుట్టుకతోనే ఉంది. 1962లో రాబర్ట్ హాల్ బృందం మొదటి సెమీకండక్టర్ లేజర్‌ని వెలిగించినప్పుడు అది ద్రవ నైట్రోజన్ చలిలో, అదీ విడివిడి పల్సులుగా మాత్రమే వెలిగింది. మామూలు గది వేడిలో ఆగకుండా వెలిగేలా చేయడానికి 1970 దాకా పట్టింది. లెనిన్‌గ్రాడ్‌లో అల్ఫెరోవ్ బృందం, బెల్ ల్యాబ్స్‌లో హయాషీ, పానిష్ ఆ ఏడే సాధించారు. వేర్వేరు పదార్థాల పొరల మధ్య విద్యుత్తునీ కాంతినీ ఒకే చోట బంధించడం అందులో కిటుకు. ఆ పొరల పనికే అల్ఫెరోవ్, క్రోమర్‌లకి 2000లో నోబెల్ వచ్చింది. గదిలో వెలగడం సాధ్యమైంది గానీ, రంగు కదలకుండా ఉండాలంటే చిప్‌ని ఒకే వేడి దగ్గర పట్టి ఉంచడం తప్ప ఈ రకం మాడ్యూళ్ళలో వేరే దారి లేదు. అందుకే చిప్ కింద వేలిగోరు కంటే చిన్న పెల్టియర్ ప్లేటు పెడతారు. దానిలో కరెంటు పారితే ఒక పక్క చల్లబడి రెండో పక్క వేడెక్కుతుంది. చిప్ వేడిని లాగి మాడ్యూల్ ఒంటికి పంపుతుంది. మాడ్యూల్ ఒళ్ళే కాలిపోతుంటే ఆ వేడిని ఎక్కడికి పంపాలి? ఒక హద్దు దాటాక ప్లేటు చేతులెత్తేస్తుంది. అక్కడి నుంచి చిప్ కూడా బయటి వేడితో పాటు ఎక్కడం మొదలుపెడుతుంది.

పవర్ మాత్రం తగ్గదు. వేడికి లేజర్ మందగించినా, వెనక ఉన్న మానిటర్ డయోడ్ చూసి సర్క్యూట్ ఇంకాస్త కరెంటు తోస్తుంది. తెర మీద 1.8 అలాగే నిలబడుతుంది.

కొలతకి నిలబెట్టడం

ఊహ బాగుందని పని మొదలుపెట్టలేదు. వంతెన పైపు ఊహ కూడా బాగానే ఉండింది.

రంగు కొలిచే స్పెక్ట్రం ఎనలైజర్ మాకు లేదు. అద్దెకి తేవడానికి వారం పడుతుంది. అయితే 33వ గుమ్మం ఉన్న మక్స్ డబ్బాయే ఒక కొలబద్ద కదా అనిపించింది. స్టోర్స్‌లో అదే రకం స్పేరు మక్స్ ఉంది, దాన్ని పట్టుకుని తొమ్మిదో రోజు పొద్దున పదింటికే దిగువకి చేరాను. స్పేరుది వాడటంలో రెండు లాభాలు. నడుస్తున్న మక్స్ ముట్టుకోం కాబట్టి 31వ ఛానెల్‌కి ఏమీ కాదు. పైగా లోపం పాత మక్స్‌దే అయితే స్పేరులో కనిపించదు, ఆ ప్రశ్న కూడా దాంతోపాటే తేలిపోతుంది.

పొద్దున పదిన్నరకి మాడ్యూల్ వేడి 63 డిగ్రీలు. అనుమతి తీసుకుని రెండు నిమిషాలు లింకు ఆపి, మాడ్యూల్ కార్డుని స్పేరు మక్స్ 33వ పోర్టులో పెట్టి, ఉమ్మడి పోర్టు దగ్గర మీటరు పెట్టాను. 1.7 లోపలికి వెళ్తే మైనస్ 0.7 బయటికొచ్చింది. నష్టం 2.4, డబ్బా మీద రాసినంతే. తర్వాత కూర్చుని ఎదురుచూశాం.

పన్నెండు దాటాక కరెంటు పోయింది. ఏసీ ఆగింది. గది పైకప్పు సిమెంటు రేకు. ఒంటిగంటకి గదిలో 41, మాడ్యూల్ మీద 71. ఒకటిన్నరకి తప్పుడు ప్యాకెట్లు మొదలయ్యాయి. రెండు పదికి గదిలో 44, మాడ్యూల్ మీద 78, లింకు చచ్చింది. మాడ్యూల్ కాగితం మీద రాసిన హద్దు 70. కార్డు తీసి మీటరులో పెట్టాను, 1.7. స్పేరు మక్స్‌లో పెట్టి అవతల చూశాను, మైనస్ 3.8. పొద్దున 2.4 తిన్న డబ్బా ఇప్పుడు 5.5 తింటోంది. డబ్బా మారలేదు, పవర్ మారలేదు. మారింది రంగే.

ఇక్కడ మూడు డీబీ పోతే ఎగువన ఆరు ఎందుకు పోతోందని కుర్రాడు అడిగాడు. మంచి ప్రశ్న. దారిలో గుమ్మాలు రెండు. దిగువ మక్స్ అంచుకి తగిలిన కాంతే ఎగువ డీమక్స్ (రంగులు విడదీసే మక్స్) అంచుకీ తగులుతుంది. ఒక్కోచోట మూడు, మొత్తం ఆరు. మా గ్రాఫులో పడిన ఆరుకీ ఈ లెక్కకీ పొంతన కుదిరాక నాకు అనుమానం మిగల్లేదు.

గదిలో ఏముంది

ఇన్నాళ్ళూ ఇదే గదికి వేసవులు వచ్చాయి, పోయాయి. ఈసారే ఎందుకు? స్విచ్ ముందు తొడుగు విప్పితే తెలిసింది. గాలి లోపలికి పోయే జాలీకి గోధుమరంగు పీచు పొట్టు పేరుకుపోయి కంబళి ముక్కలా ఉంది. గోటితో లాగితే పొరగా ఊడొచ్చింది. పక్క స్థలంలో ఏడాది క్రితం కొబ్బరి పీచు మిల్లు పెట్టారు. గది కిటికీ అటే ఉంది, కరెంటు పోయినప్పుడల్లా గాలి కోసం కుర్రాడు తెరిచేది ఆ కిటికీయే. స్విచ్‌లో మూడు ఫ్యాన్లకి ఒకటి తిరగట్లేదు. మా 33వ మాడ్యూల్ ఉన్నది చివరి పోర్టులో, పవర్ సప్లైకి ఆనుకుని, పెట్టె మొత్తంలో ఎక్కువ కాలే చోట. 31వ ఛానెల్ పక్క ర్యాకులో వేరే పెట్టెలో ఉంది, దానికి గాలి బాగా ఆడుతోంది.

వేడి ఎక్కువైందని స్విచ్ లాగ్‌లో హెచ్చరిక మొదటి రోజు నుంచీ ఉంది. పోర్టు పోయింది, వచ్చింది, పోయింది అనే వందల లైన్ల మధ్య అది మునిగిపోయింది. మా గ్రాఫుల్లో ట్రాన్స్‌మిట్ పవర్, రిసీవ్ పవర్ మాత్రమే పెట్టుకున్నాం. మాడ్యూల్ వేడి పెట్టుకోలేదు. ఆ ఒక్క గీత ఉంటే రిసీవ్ గీత పక్కన అద్దంలో బొమ్మలా కనపడేది.

చేసిన పనులు, వాటి వరస

కొత్త మాడ్యూల్ తెప్పించి పెట్టేస్తే సరిపోతుంది కదా అన్నారు ఆఫీసులో. సరిపోతుంది, ఈ వేసవికి. అదే వేడిలో పెడితే దాని ప్లేటు కూడా అలాగే అరుగుతుంది. అందుకని ముందు వేడి సంగతి చూద్దామన్నాను. పదో రోజు జాలీ కడిగి, ఫ్యాన్ ట్రే మార్చి, మాడ్యూల్‌ని పవర్ సప్లైకి దూరంగా మొదటి పోర్టులోకి జరిపాం. కిటికీ మూసి సన్నని వడపోత జాలీ బిగించాం. ఏసీని జనరేటర్ మీద పెట్టాలని అడిగితే ఖర్చు దగ్గర ఆగింది. బదులుగా ఇన్వర్టర్ మీద నడిచే ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించాం, రేకు మీద కొబ్బరాకు తడికలు పరిపించాం. బాబాయ్ సలహా అది. ఒక్క తడికలకే మధ్యాహ్నం గది వేడి నాలుగు డిగ్రీలు తగ్గింది.

మర్నాడు రెండింటికి మాడ్యూల్ మీద 66. లింకు పోలేదు. అయినా అందే పవర్ ఒక డీబీ దాకా ఊగుతూ ఉంది. ఆ ఊగడం నాకు నచ్చలేదు. 70 దాకా నిలబడాల్సిన మాడ్యూల్ 66కే తడబడుతోందంటే లోపలి ప్లేటు బలహీనపడినట్టే. అందుకని శుభ్రతతో ఆపకుండా, మైనస్ 40 నుంచి 85 డిగ్రీల దాకా పనిచేసే రకం 33వ మాడ్యూల్ తెప్పించాం. హైదరాబాద్ నుంచి ఐదో రోజుకి వచ్చింది. ఈసారి దాన్ని సాయంత్రం పెట్టలేదు, మధ్యాహ్నం రెండింటికే పెట్టాం.

పాత మాడ్యూల్‌ని వర్క్‌షాపుకి తెచ్చి చివరి పరీక్ష చేశాం. ఎలాగూ మళ్ళీ వాడేది లేదు కాబట్టి ధైర్యంగా హెయిర్ డ్రయ్యర్‌తో వేడి పెట్టాం. అవతల డీమక్స్ 33వ పోర్టుకి ఒక మీటరు, 32వ పోర్టుకి ఇంకో మీటరు. చల్లగా ఉన్నప్పుడు 33లో మైనస్ 0.7, 32లో దాదాపు ఏమీ లేదు. వేడి ఎక్కేకొద్దీ 33లో అంకె కిందికి జారడం, 32లో పైకి రావడం రెండు తెరల మీద ఒకేసారి చూశాం. 86 దగ్గర 33లో మైనస్ 17, 32లో మైనస్ 4. మా 33వ లేజర్ పక్క గడిలోకి నడిచి వెళ్ళిపోయింది. 32వ గడిలో మాకు ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. ఉండుంటే వాళ్ళ లింకు కూడా మధ్యాహ్నం పూట చెడేది, మేం ఇంకెంత వెతికేవాళ్ళమో.

తర్వాత మార్చుకున్నవి

రంగులు కలిపి పంపే లింకుల్లో ఒక ఛానెల్ చెడితే, ఓటీడీఆర్ బయటికి తీసే ముందు అదే కోరులో వెళ్ళే మిగతా ఛానెళ్ళకి అందుతున్న పవర్ ఎంతో అంకెల్లో తెప్పించుకుంటున్నాం. అవి కదలకపోతే గట్టు మీదికి వెళ్ళడం లేదు. పవర్ మీటరుని మక్స్‌కి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి పెట్టి తేడా రాసుకోవడం ఇప్పుడు మా ఫారంలో ఒక గడి. ప్రతి మాడ్యూల్ వేడీ గ్రాఫులోకి వచ్చింది, 62 దాటితే ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. 70 దాకా ఆగకుండా 62 దగ్గరే పెట్టడానికి కారణం, ప్లేటు అరుగుదల బయటికి కనపడదు. మా మాడ్యూళ్ళలో దానికి ఎంత కరెంటు పోతోందో చూపించే సౌకర్యం లేదు. ఆ సౌకర్యం ఉన్నవే ఇప్పుడు అడిగి కొంటున్నాం. వాడే ప్రతి రంగుకీ ఒక స్పేరు స్టోర్స్‌లో పెట్టుకున్నాం.

రోహిణీ కార్తెలో దిగువ గదికి మళ్ళీ వెళ్ళాను. కరెంటు లేదు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతోంది. మధ్యాహ్నం రెండుంబావుకి గదిలో 39, కొత్త మాడ్యూల్ మీద 58, ఎగువన అందే పవర్ మైనస్ 19.2. పొద్దున ఎంతో అంతే. పక్క ర్యాకులో అద్దెకున్నవాళ్ళ 31వ మాడ్యూల్ మీద మాత్రం 64 ఉంది. అదీ మా పాతదాంతో పాటే పెట్టింది, 70 హద్దు రకమే. వాళ్ళకి ఈ కాగితాలన్నీ పంపించాను, వచ్చే మార్చిలోపు మార్చుకుంటామన్నారు.